నూటికి అరవై కోతలు: ముహూర్తం వాటా ఎంత?

తెలంగాణలో వంద కాన్పులు జరిగితే అరవైకి పైగా పెద్దాపరేషన్లే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సరిగ్గా 60.7 శాతం. దేశ సగటు 21.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలోని ప్రైవేటు ఆసుపత్రులను విడిగా తీసుకుంటే ఈ అంకె 81.5కి చేరుతుంది. అంటే అక్కడ చేరిన అయిదుగురిలో నలుగురికి పైగా కడుపు కోత తప్పడం లేదు.

ఈ లెక్కలు పత్రికల్లోకి వచ్చిన ప్రతిసారీ నింద ముందుగా పంచాంగం మీదే పడుతుంది. తెలంగాణ ఆరోగ్య మంత్రిగా ఉన్న రోజుల్లో టి. హరీశ్‌రావు కూడా ముహూర్తాలు చూసి కోతలు పెట్టించుకోవద్దని కోరారు. ఆ మాటలో నిజం ఉంది. కాకపోతే ఎంత నిజం ఉందో ఎవరూ తూచి చెప్పరు. మూఢనమ్మకం అని ఒక్క మాటలో తేల్చేస్తే మిగతా బాధ్యులంతా పక్కకు తప్పుకుంటారు. అందుకే అంకెలను కాస్త కదిలించి చూడాలి.

ముందు ఇంటి సంగతి. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది ఆనవాయితీ. ఖర్చు, కంగారు, రాత్రిళ్లు మేలుకోవడం అన్నీ అమ్మగారింటి వంతు. మంచి రోజు ఫలానా అని ఫోను మాత్రం చాలాసార్లు అత్తగారింటి నుంచి వస్తుంది. అమావాస్య వద్దు, మూలా నక్షత్రం అసలే వద్దు, వర్జ్యం దాటాక లగ్నం బాగుంది, పది నలభైకి తీయించండి అంటారు. పిల్లకు నొప్పులు భరించే శక్తి ఉందా, బిడ్డ తల దిగిందా అన్న ప్రశ్నలు ఆ ఫోనులో ఉండవు. కనబోయే మనిషిని అడిగేవాళ్లూ తక్కువే. పుట్టింటివాళ్లు కాదనలేరు. రేపు బిడ్డకు ఏ చిన్న జబ్బు చేసినా, ఆ రోజు మా మాట వినలేదుగా అన్న మాట పడాల్సి వస్తుందని వాళ్ల భయం.

ఆచారాలన్నీ ఆరోగ్యానికి శత్రువులేనని నేను అనను. ఆషాఢంలో కొత్త దంపతులను వేరుగా ఉంచే పద్ధతికి పెద్దలు చెప్పే కారణం ఒకటుంది. ఆ నెలలో కడుపు పండితే కాన్పు చైత్ర వైశాఖాల్లో పడుతుంది, బాలింత మండుటెండల్లో ఇబ్బంది పడుతుంది. తల్లి క్షేమాన్ని ముందు పెట్టిన ఆలోచన అది. ఇప్పుడు క్యాలెండర్ చేతిలో పట్టుకుని చేస్తున్నదాంట్లో తల్లి ఎక్కడా కనిపించదు.

నమ్మకం ప్రసవాల తేదీలను కదిలిస్తుందనడానికి బయటి దేశాల్లో గట్టి ఆధారాలున్నాయి. తైవాన్‌లో చాంద్రమానం ప్రకారం ఏడో నెలను ప్రేతాల మాసంగా ఎంచుతారు. అక్కడి కాన్పుల రికార్డులను పరిశీలిస్తే ఆ నెలలో సిజేరియన్లు తగ్గి, దాని ముందు నెలలో పెరిగినట్టు తేలింది. అమెరికాలో 1996 నుంచి 2006 దాకా జరిగిన జననాలను లెక్కించినప్పుడు చుట్టుపక్కల రోజులతో పోలిస్తే ప్రేమికుల దినం నాడు సిజేరియన్లు సుమారు 12 శాతం ఎక్కువగా, దయ్యాల పండుగ హాలోవీన్ నాడు దాదాపు 17 శాతం తక్కువగా నమోదయ్యాయి. 2024 జనవరి 22న, అయోధ్యలో బాలరాముడి ప్రాణప్రతిష్ఠ రోజున, తమ బిడ్డ ఆనాడే పుట్టాలని ఉత్తర ప్రదేశ్ ఆసుపత్రుల్లో గర్భిణులు కోరినట్టు వార్తలు వచ్చాయి. ఈ కోరిక ఒక్క మతానిదీ కాదు, ఒక్క దేశానిదీ కాదు.

అయితే ఆ అధ్యయనాలు చెప్పేది ప్రధానంగా తేదీ గురించి. ఎప్పుడు అన్న ప్రశ్నకు నమ్మకం జవాబు చెబుతుంది. ఎన్ని అన్నదానికి అది ఒక్కటే జవాబు చెప్పలేదు.

బీహార్‌నే చూడండి. జాతకం, లగ్నం, మంచి ఘడియ మీద పట్టింపు అక్కడ మనకన్నా తక్కువేమీ కాదు. అయినా అదే సర్వేలో బీహార్ సిజేరియన్లు 9.7 శాతం. పంచాంగమే కోత పెట్టించేదైతే ఇంత తేడా ఎలా వస్తుంది? ఇప్పుడు రెండో వైపు చూడండి. ప్రైవేటు ఆసుపత్రుల కోతల్లో తెలంగాణను మించినవి ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లో 82.7, జమ్మూ కశ్మీర్‌లో 82.1 శాతం. జమ్మూ కశ్మీర్ జనాభాలో మూడింట రెండు వంతులు ముస్లింలు. అక్కడ ఏ సిద్ధాంతి లగ్నం పెడుతున్నాడు? పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లోనూ 2022 సర్వే ప్రకారం నూటికి 45 కాన్పులు కోతలే. దేవుళ్లు వేరు, పండుగలు వేరు, కోతల దారి మాత్రం ఒకటే.

ఈ చోట్లన్నిటిలో ఉమ్మడిగా కనిపించేది ఆసుపత్రి ఎవరిదన్న సంగతి. దేశమంతా కలిపి చూస్తే ప్రభుత్వ ఆసుపత్రుల్లో సిజేరియన్లు 14.3 శాతం, ప్రైవేటులో 47.4. ఆంధ్రప్రదేశ్‌లో 26.6, 63. బీహార్‌లో సైతం ప్రైవేటు గడప తొక్కినవాళ్లలో నూటికి దాదాపు నలభై మందికి కోత పడింది. ఒకే రాష్ట్రంలో, ఒకే పంచాంగాన్ని నమ్మే తల్లుల మధ్య ఇంత దూరం ఉందంటే, అది తల్లుల నమ్మకం సృష్టించిన దూరం కాదు. చిక్కు కేసులు ప్రైవేటుకు వెళ్తాయని కొందరు వాదిస్తారు. అన్ని హంగులూ లేని చిన్న నర్సింగ్ హోముల నుంచి నిజంగా ప్రాణం మీదికొచ్చిన కేసులు చివరికి గాంధీ, ఉస్మానియా, ఎంజీఎం వంటి ప్రభుత్వ ఆసుపత్రులకే వస్తాయని వరంగల్, హైదరాబాద్ వాసులకు వేరే చెప్పక్కర్లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ముహూర్తం ఒక కోరిక మాత్రమే. దాన్ని కోతగా మార్చే యంత్రాంగం వేరే ఉంది. నొప్పులు రావాలని పన్నెండు గంటలు కాచుకోవాలంటే డ్యూటీలో మనిషి ఉండాలి. పక్కన కూర్చుని నడుము రాసే నర్సు ఉండాలి. అర్ధరాత్రి రెండింటికి మత్తు డాక్టరు దొరకాలి. ఒకరిద్దరు డాక్టర్లతో నడిచే నర్సింగ్ హోముకు ఇది భారం. ముందే డేటు ఇచ్చిన ఆపరేషన్ గంటలో అయిపోతుంది, బిల్లు కూడా పెద్దది. ఆ ఏర్పాటుకు కుటుంబం తెచ్చిన ముహూర్తం చక్కగా సరిపోతుంది. కోత ఎందుకు పెట్టారని ఎవరైనా అడిగితే వాళ్లే అడిగారు అని చెప్పుకోవడానికీ వీలవుతుంది. డబ్బు, చదువు ఉన్న ఇళ్లలోనే ఈ కోరిక తీరే అవకాశం ఎక్కువ. దేశంలో కోతలు కలవారి ఇళ్లలో ఎక్కువ, పేదల ఇళ్లలో తక్కువ కావడం అందుకే. తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ 44.5 శాతం ఉండటానికి ఒక కారణం పాత కోతలే. తొలి కాన్పు సిజేరియన్ అయితే రెండోది కూడా చాలావరకు అదే అవుతుంది.

ఇక నష్టం మాట. నెలలు నిండాయిగా, నాలుగు రోజులు అటూ ఇటూ అయితే ఏమవుతుంది అనుకుంటారు. అవుతుంది. అంతకుముందు సిజేరియన్ అయినవాళ్లకు ముందే తేదీ పెట్టి చేసిన 13 వేలకు పైగా ఆపరేషన్లను అమెరికాలో పరిశీలించి 2009లో ఫలితాలు ప్రచురించారు. 39వ వారంలో పుట్టిన బిడ్డలతో పోలిస్తే 37వ వారంలో తీసినవాళ్లకు ఊపిరి ఇబ్బందులు, ఇన్ఫెక్షన్లు, ఐసీయూ అవసరం వంటి సమస్యల ముప్పు రెండింతలు. 38వ వారంలో ఒకటిన్నర రెట్లు. బిడ్డ ఊపిరితిత్తులు సిద్ధం కావడానికి ఆ చివరి రోజులు కావాలి. లగ్నం కోసం వారం ముందుకు జరిపితే ఆ వారం బిడ్డ ఖాతాలోంచే పోతుంది.

తల్లికి ముప్పు తర్వాతి కాన్పులో కనిపిస్తుంది. మాయ కిందికి ఉండి గర్భాశయ ద్వారాన్ని కప్పితే, పాత కోత మచ్చలోకి అది చొచ్చుకుపోయి ఊడిరాకుండా అతుక్కునే ప్రమాదం ఉంటుంది. అప్పుడు రక్తం కట్టలు తెంచుకుంటుంది. గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. మాయ అలా కిందికి ఉన్నవాళ్లలో ఈ ప్రమాదం మొదటి సిజేరియన్‌లో నూటికి 3, రెండోదానిలో 11, మూడోదానిలో 40 అని 2006లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. బిడ్డకు మొదటి గంటలో తల్లిపాలు పట్టడం కూడా కోతతో ఆలస్యమవుతుంది. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో ఆ గంటలో పాలు అందిన పిల్లలు నూటికి 37 మందే.

సిజేరియన్ అంటేనే చెడ్డదని కాదు. బిడ్డ అడ్డం తిరిగినా, గుండె చప్పుడు తగ్గినా, తల్లికి మూర్ఛ వచ్చినా ఆ కోతే రెండు ప్రాణాలు నిలుపుతుంది. బీహార్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది 3.6 శాతం దగ్గర ఆగిపోవడం ఘోరం. అవసరమైన ఎందరికో అది అందలేదని అర్థం. జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం దాటాక ఇంకా పెంచినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మన దేశంలోనే చూడండి. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, కేరళలో 19. కేరళ సిజేరియన్లు 38.9 శాతమే.

మార్గం మన దగ్గరే మొదలైంది. తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి 2017 నుంచి నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ ఇప్పించి ప్రభుత్వ ఆసుపత్రులకు పంపింది. నొప్పుల వేళ పక్కనే ఉండి ధైర్యం చెప్పే మనిషి దొరికితే, భరించలేను కోసేయండి అని వేడుకునే అవసరం చాలామందికి రాదు. ఇలాంటివాళ్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ ఉండాలని షరతు పెట్టడం ప్రభుత్వం చేతిలో పని. ప్రతి నర్సింగ్ హోమ్ తన కోతల శాతాన్ని గోడ మీద రాసి పెట్టాలని చెప్పడం అంతకన్నా తేలిక.

మీ ఇంట్లో కాన్పు దగ్గర పడుతుంటే సిద్ధాంతికి ఫోను చేసే ముందు డాక్టరును మూడు సంగతులు అడగండి. ఇవాళ్టికి సరిగ్గా ఎన్ని వారాలు నిండాయి? కోత అవసరమైతే అందుకు వైద్యపరమైన కారణం ఏమిటి? నొప్పుల కోసం ఆగితే ప్రమాదం ఏమైనా ఉందా? ఆ జవాబులు గర్భిణి ముందే చెప్పించండి, కేసు షీటులో రాయించండి. ముహూర్తం మీద నమ్మకం ఉంటే బారసాలకు పెట్టించుకోండి.