నిద్రలేమి తన్ను తానెఱుగదు

"ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖమెఱుగదు" అని పెద్దలందురు. దీనికి మఱియొక మాటను చేర్పవలసియున్నది: నిద్రలేమి తన్ను తానెఱుగదు. "నాకు నాలుగైదు గంటల నిద్ర చాలును, అలవాటైనది" అని మనలో అనేకులు చెప్పుకొందురు. ఈ నమ్మకమెంతవఱకు నిజమో విచారింతము.

ఉప్పలు, నాచారము గ్రామములిప్పుడు నగరములో కలిసిపోయినవి. మూసీ యొడ్డున పారాగడ్డి పెంచి నగరములోని పాడివారికి అమ్ముట ఈ ప్రాంతపు రైతులు చాలకాలము చేసిన వ్యవసాయము. నాచారమున కర్మాగారములు వెలసిన పిమ్మట, ఒకే యింట తండ్రి మూడు గంటలకే లేచి పాలు పితుకుటయు, కుమారుడు రాత్రి షిఫ్టు ముగించుకొని ఉదయమున ఇల్లు చేరుటయు వింత గాకపోయెను. ఇక తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు 2018 జనవరి 1వ తేదీన ఆరంభమగుటకు ముందు, రాత్రివంతు కరెంటుకై రైతులు చీకటిలో బావులకడకు పోవలసివచ్చెడిది. పాముకాటును, కరెంటు దెబ్బను అందఱును గుర్తించిరి; నిద్రమత్తును లెక్కించినవారరుదు.

నిద్రయనగా శరీరము ఊరకపడియుండుట కాదు. రమారమి గంటన్నరకొక విడత చొప్పున అది సాగును. రాత్రి మొదటి సగమున గాఢనిద్ర హెచ్చు. దేహము బడలిక తీర్చుకొనునది అప్పుడే. పిమ్మట కలల నిద్ర పెరుగును. ఈ నిద్రలో మూసిన ఱెప్పలక్రింద కనుగ్రుడ్లు వడిగా కదలునని చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు 1953లో ప్రకటించిరి. తెల్లవారుజామున వచ్చిన కల ఫలించునో లేదో గాని, అప్పుడు కలలు హెచ్చుగా వచ్చుట మాత్రము నిజము. ప్రొద్దుపోయి పండుకొని మూడు గంటలకు లేచువాడు ముఖ్యముగా ఈ భాగమునే పోగొట్టుకొనుచున్నాడు.

మన శరీరమునందొక గడియారము గలదు. దానిని ప్రధానముగా సరిదిద్దునది సూర్యుని వెలుగు. పండ్ల యీగలను పరీక్షించి దాని మర్మమును కనుగొన్న హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురకు 2017లో నోబెల్ బహుమాన మొసగబడెను. రాత్రి పనిచేసినవానికి పగటినిద్ర తఱచుగా చాలకపోవుటకు కారణమీ గడియారమే.

2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులొక పరీక్షను ప్రకటించిరి. రెండు వారములు రాత్రికి ఆఱేసి గంటలే నిద్రించినవారి చుఱుకుదనము, ఒక రాత్రియంతయు మేలుకొన్నవారి స్థితికి దిగజాఱెను. అయినను తమకంత మత్తుగా లేదనియే వారు తలంచిరి. సొసైటీ అప్పునకు పాసుపుస్తకము గలదు. నిద్ర అప్పునకది లేదు. టీ త్రాగినచో మత్తు కొంతసేపు మఱుగుపడునే గాని అప్పు తీఱదు.

కావున సభ్యులు గమనింపవలసినవి: పెద్దలకు దినమునకు ఏడు గంటలకు తక్కువగాని నిద్ర యవసరము. వేకువనే లేవవలసినవారు ఆ మేరకు ముందుగా పండుకొనవలెను. రాత్రి షిఫ్టు చేసివచ్చినవానిని వెంటనే గడ్డి నఱుకు యంత్రముకడకుగాని, ట్రాక్టరుమీదికిగాని పంపరాదు. కిటికీకి దుప్పటి కట్టి, చీకటి గదిలో వానిని పండుకొననీయవలెను. మధ్యాహ్నమున ఇరువది నిమిషముల కునుకు సోమరితనము కాదు. సాయంకాలము పిమ్మట టీ మానుట మేలు.

పాలు కేంద్రమునకు చేర్చుటకు ప్రతి యింటినుండి యొకడు వేకువన పోనక్కఱలేదు. నాలుగిండ్లవారు వంతులు వేసికొన్నచో ఒక్కొక్కరికి నాలుగింట మూడు దినములు ఆ వేకువ ప్రయాణము తప్పును. ఎరువును, విత్తనమును కలిసి తెచ్చుకొనుచున్న మనము నిద్రనుగూడ కలిసి సంపాదించుకొనవచ్చును. రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చింప ప్రార్థించుచున్నాను.