కారు బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతోందా?

కారు సంగతి మగవాళ్ళు చూసుకుంటారులే అని ఊరుకునే రోజులు కావివి. పిల్లల్ని ట్యూషనుకి దింపేదీ, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదీ చాలా ఇళ్ళల్లో మనమే. రాత్రి తొమ్మిదింటికి, వానలో, హెడ్‌లైట్లు మసకబారి కారు నడిరోడ్డు మీద ఆగిపోతే అవస్థ పడేదీ మనమే. మెకానిక్కుని పిలిస్తే, "బ్యాటరీ పోయిందమ్మా, కొత్తది వెయ్యాలి" అంటాడు. వేయిస్తాం. నాలుగు నెలలు తిరక్కుండానే మళ్ళీ అదే కథ.

కొన్న తర్వాత పెద్ద బల్బులు, అదనపు హారన్లు, పాటల కోసం ఆంప్లిఫయరు పెట్టించిన కార్లకి ఈ బాధ ఎక్కువ. తప్పు బ్యాటరీదా, లేక దానికి ఛార్జింగు అందడం లేదా? కొత్త బ్యాటరీకి డబ్బు తియ్యకముందే తేల్చుకోవలసింది ఇదే.

మన మేడమీది నీళ్ళ ట్యాంకుని ఒకసారి తలుచుకోండి. ట్యాంకు నీళ్ళు పుట్టించదు, దాచి ఉంచుతుందంతే. నింపేది మోటారు. కారులో బ్యాటరీ ట్యాంకులాంటిది. ఆల్టర్నేటరు మోటారులాంటిది. మధ్యనున్న తీగలు గొట్టాలు. ఇంజను తిరుగుతుంటే బెల్టు ఆల్టర్నేటరుని తిప్పుతుంది, అది కరెంటు పుట్టిస్తుంది. వెనకటి అంబాసిడర్లలో ఈ పని డైనమో చేసేది. ట్యాంకులో నీళ్ళు నిలవడం లేదంటే కారణాలు నాలుగే. ట్యాంకు చెడిపోవాలి, మోటారు తగ్గాలి, గొట్టంలో అడ్డుండాలి, లేదా కుళాయిలు ఎక్కువవ్వాలి. ఏదో తెలుసుకోకుండా ట్యాంకు మార్చేస్తే ఏం లాభం?

దీనికి కావలసిన పనిముట్టు మల్టీమీటరు ఒక్కటే. ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాన్ని డి.సి. వోల్టులు 20 అన్న చోట పెట్టి, ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్సుకి, నల్ల తీగ మైనస్సుకి ఆనించాలి. అయితే ముందు ఒక మాట. గాజులు, ఉంగరాలు తీసెయ్యండి. లోహం ప్లస్సుకీ బాడీకీ మధ్య తగిలిందంటే చెయ్యి కాలుతుంది. పైట బిగించి దోపుకోండి, జడ ముడేసుకోండి. తిరిగే బెల్టుకి చీరకొంగు చిక్కితే మాటలు కాదు. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గియ్యకూడదు, అందులోంచి హైడ్రోజన్ వస్తుంది.

మొదటి అంకె: రాత్రంతా కదలని కారుకి పొద్దున్నే ఇంజను వెయ్యకుండా చూడాలి. నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే ఇంచుమించు సగం. 12 కంటే తగ్గితే దిగిపోయినట్టే.

రెండో అంకె: ఇంజను వేసి, లైట్లూ ఏసీ ఆపి చూడాలి. 13.8కీ 14.5కీ మధ్య ఉంటే ఛార్జింగు బాగున్నట్టు. ఇది బాగుండి మొదటి అంకె తక్కువగా ఉంటే, బ్యాటరీ ముసలిదై ఉండాలి, లేదా రాత్రిపూట ఆంప్లిఫయరో, దొంగల అలారమో కరెంటు తాగుతూ ఉండాలి.

మూడో అంకె: హెడ్‌లైట్లు, ఏసీ, పాటలు అన్నీ వెయ్యండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఒకరు సీట్లో కూర్చుని యాక్సిలరేటరు కొంచెం తొక్కాలి. అప్పుడు కూడా 13.5 దాకా ఉండాలి. 12.6 కిందికి జారిందంటే, ఖర్చు రాబడిని మించిపోయిందన్నమాట.

ఇంటి పద్దు వేసినట్టు వేసి చూడండి. 100 వాట్ల బల్బులు రెండుంటే 15 ఆంపియర్లు. 300 వాట్ల ఆంప్లిఫయరు పూర్తి జోరు మీద 30కి పైగా. ఏసీ ఫ్యాన్లూ అవీ కలిపి ఇంకో 15, 20. మొత్తం 60 దాటింది. మీ కారుకున్నది 55 ఆంపియర్ల ఆల్టర్నేటరు అనుకోండి, ఆ 55 కూడా ఇంజను జోరుగా తిరిగితేనే వస్తుంది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు చాలా తక్కువ. మిగిలినది బ్యాటరీలోంచి పోవలసిందే.

నాలుగో అంకె చాలామంది చూడనిది, డబ్బు మిగిల్చేది. దీన్ని మెకానిక్ చేత, ఎదుట నిలబడి చేయించుకోండి. ఇంజను నడుస్తూ, లైట్లు వేసి ఉండగా, మీటరు ఒక తీగ ఆల్టర్నేటరు వెనక లావు తీగ బిగించిన బోల్టుకి, రెండోది బ్యాటరీ ప్లస్సుకి పెట్టాలి. 0.2, 0.3 వోల్టుల కన్నా ఎక్కువ చూపించకూడదు. తర్వాత ఆల్టర్నేటరు బాడీకీ బ్యాటరీ మైనస్సుకీ మధ్య కూడా అలాగే చూడాలి. అక్కడ ఒక వోల్టు పోతోందంటే మోటారు మంచిదే, గొట్టంలోనే అడ్డు. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉండొచ్చు. దాన్ని వంటసోడా నీళ్ళతో కడగాలి, ఆ నీళ్ళు బ్యాటరీ లోపలికి పోకూడదు. కారుకి డెంటింగ్, పెయింటింగ్ చేయించినప్పుడు ఎర్తు తీగని రంగు మీదే బిగించి ఉండొచ్చు. రంగు కరెంటుని పోనివ్వదు. ఆ చోట గీకి బిగిస్తే సరిపోయే పనికి ఆల్టర్నేటరు మార్పించుకునేవాళ్ళు ఉన్నారు.

బోల్టు దగ్గరే వోల్టేజి తక్కువైతే అప్పుడు ఆల్టర్నేటరుని అనుమానించాలి. అప్పుడైనా ముందు చూడవలసింది బెల్టు. వదులైతే జారుతుంది, ఇంజను వెయ్యగానే కీచుమంటుంది. డాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ గుర్తునీ గమనించండి. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజను స్టార్టవగానే ఆరిపోవాలి. తాళం తిప్పినా వెలగకపోతే సంతోషించకండి. చాలా పాత కార్లలో ఆల్టర్నేటరుని మేలుకొలిపే కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది. చిన్న బల్బు మాడితే ఛార్జింగు మొదలవ్వకపోవచ్చు.

రెండు పనులు మాత్రం చెయ్యనివ్వకండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి "చూద్దాం" అనే మెకానిక్కులున్నారు. అలా చేస్తే వోల్టేజి ఒక్కసారి ఎగిరి ఆల్టర్నేటరు, కంప్యూటరు పెట్టె రెండూ పాడవుతాయి. అలాగే పెద్ద ఆల్టర్నేటరు వేయించి పాత సన్నతీగనే ఉంచకూడదు. ఆ తీగ వేడెక్కి కారే అంటుకోవచ్చు. లావు తీగ, దానికి తగిన ఫ్యూజు ఉండి తీరాలి.

మరో సంగతి. ఇప్పటి కొత్త కార్లు కొన్నిటిలో ఛార్జింగుని కంప్యూటరు నడిపిస్తుంది. అవసరాన్ని బట్టి అదే వోల్టేజి తగ్గిస్తుంది, పెంచుతుంది. అటువంటి కారులో ఒక్కసారి 12.8 కనబడితే కంగారుపడకుండా సర్వీసు సెంటరులో అడగండి.

జ్వరమొచ్చిన పిల్లాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు ఎప్పుడెంత జ్వరముందో రాసుకుని వెళతాం కదా. కారుకీ అంతే. మొదటి మూడు అంకెలూ కాగితం మీద రాసుకుని వెళ్ళి, నాలుగోది మీ ఎదుటే తియ్యమనండి. "బ్యాటరీ పోయిందమ్మా" అనే ముందు అతను కూడా ఒకసారి ఆలోచిస్తాడు.