పుట్టుకతో వచ్చే గుండె లోపాలు: శస్త్రచికిత్స తరవాత దీర్ఘకాలంలో గుండె పనితీరు

7.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• శస్త్రచికిత్స జరిగిన గుండెకు దీర్ఘకాల పరిశీలన ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
• కుడి జఠరికపై భారం ఎలా పెరుగుతుందో చెప్పగలుగుతారు.
• కుటుంబం గమనించవలసిన లక్షణాలను, చేయించవలసిన పరీక్షలను పేర్కొనగలుగుతారు.

7.1 ప్రస్తావన

పుట్టే ప్రతి 1000 మంది శిశువులలో సుమారు 8 మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. 2007లో మొదలై తరవాత ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించిన ఆరోగ్యశ్రీ పథకం కింద ఎందరో పేద పిల్లలకు ఉచితంగా గుండె ఆపరేషన్లు జరిగాయి. ఆనాటి పసిపిల్లలు నేడు కళాశాల వయసుకు వచ్చారు. వారిలో కొందరు మీ తోటి విద్యార్థులే కావచ్చు. వారిలో చాలామంది మామూలుగా జీవిస్తున్నారు. అయితే ఆపరేషన్ విజయవంతమైనంత మాత్రాన ఇక డాక్టరు అవసరం లేదనుకోవడం సరికాదు.

7.2 అన్ని లోపాలూ ఒకటి కావు

కర్ణికల మధ్య గోడలోని రంధ్రాన్ని చిన్న వయసులోనే మూసివేస్తే గుండె పనితీరు సాధారణంగా చాలా బాగుంటుంది. జఠరికల మధ్య ఉన్న రంధ్రాన్ని సకాలంలో మూసినా ఫలితం దాదాపు అలాగే ఉంటుంది. లోపం సంక్లిష్టమైనప్పుడు మాత్రం ఆపరేషన్ గుండెను సరిచేస్తుందే గాని, పూర్తిగా మామూలు గుండెగా మార్చదు. దీనికి ఫాలో టెట్రాలజీ మంచి ఉదాహరణ.

7.3 ఫాలో టెట్రాలజీ

ఇందులో నాలుగు మార్పులు కలిసి ఉంటాయి: జఠరికల మధ్య రంధ్రం, ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకుగా ఉండటం, మహాధమని ఆ రంధ్రం మీదికి జరిగి ఉండటం, కుడి జఠరిక గోడ మందం కావడం. బిడ్డ పెదవులు, గోళ్లు నీలంగా కనిపిస్తాయి. గుండెను తెరిచి ఈ లోపాన్ని పూర్తిగా సరిచేసే శస్త్రచికిత్స 1954లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొదటిసారి జరిగింది.

ఆపరేషన్‌లో రంధ్రాన్ని అతుకుతో మూసి, ఇరుకు దారిని వెడల్పు చేస్తారు. అలా చేసేటప్పుడు చాలా సందర్భాలలో పుపుస కవాటం పూర్తిగా మూసుకోలేని స్థితికి వస్తుంది. ఫుట్‌వాల్వు లీకయ్యే బావి మోటారును తలచుకోండి. పైకి లాగిన నీరు కొంత వెనక్కి జారితే మోటారుకు పని పెరుగుతుంది. ఇక్కడ కూడా ఊపిరితిత్తుల వైపు పంపిన రక్తం కొంత వెనక్కి వస్తుంది. దానిని కూడా మోయవలసి రావడంతో కుడి జఠరిక ఏళ్ల తరబడి మెల్లగా సాగుతుంది.

ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఈ కాలంలో పిల్లలకు ఏ బాధా తెలియకపోవచ్చు. పది, ఇరవై ఏళ్లు గడిచాక ఆయాసం, గుండెదడ, స్పృహ తప్పడం వంటివి మొదలవుతాయి. సరైన సమయంలో కొత్త కవాటం అమర్చితే సాగిన జఠరిక తిరిగి చిన్నదవుతుంది. మరీ ఆలస్యమైతే పూర్తిగా కోలుకోకపోవచ్చు. అందుకే లక్షణాలు కనిపించేదాకా ఆగకూడదు.

7.4 దీర్ఘకాల పరీక్షలు

• ఎకో: కవాటాల లీకును, జఠరికల పనితీరును చూపుతుంది.
• ఈసీజీ, 24 గంటల హోల్టర్: గుండె లయ తప్పడాన్ని పట్టుకుంటాయి.
• గుండె ఎం.ఆర్.ఐ.: కుడి జఠరిక పరిమాణాన్ని కచ్చితంగా కొలుస్తుంది.

పరీక్షలు ఎంత కాలానికి ఒకసారి అవసరమో లోపాన్ని బట్టి పిల్లల గుండె వైద్యులు నిర్ణయిస్తారు.

7.5 నంద్యాల, ఆళ్లగడ్డ కుటుంబాల దృష్టితో

ఈ ప్రాంతపు పిల్లలకు ఇలాంటి ఆపరేషన్లు ఎక్కువగా దూర నగరాలలోనే జరుగుతాయి. తిరుపతిలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021లో ప్రారంభమైంది. ఆళ్లగడ్డ నుంచి అక్కడికి వెళ్లి రావాలంటే కూలి పోతుంది, ఖర్చవుతుంది. బిడ్డ ఆడుకుంటూనే ఉంది కదా అని చాలా కుటుంబాలు పరీక్షలు మానేస్తాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వస్తాయి. ఆపరేషన్ సంగతి వారికి తప్పక చెప్పాలి.

కుటుంబం పాటించవలసినవి:
• డిశ్చార్జి కాగితాలను భద్రపరచాలి. ఏ ఆపరేషన్ జరిగిందో కొత్త డాక్టరుకు తెలిసేది వాటి వల్లే.
• పోయిన ఏడాది అహోబిలంలో జ్వాలా నరసింహస్వామి గుడిదాకా నడిచిన పిల్ల ఈసారి సగం దారిలోనే కూర్చుండిపోతే, దానిని బద్ధకం అనుకోకుండా వైద్యుడికి చూపించాలి.
• పళ్లు శుభ్రంగా ఉంచాలి. చిగుళ్ల నుంచి రక్తంలో చేరే సూక్ష్మజీవులు గుండె లోపలి పొరకు సోకవచ్చు. పన్ను తీయించే ముందు ఆపరేషన్ విషయం చెప్పాలి.
• డాక్టరు వద్దనకపోతే ఆటలు మాన్పించకూడదు.
• ఆళ్లగడ్డ శిల్పశాలల్లో రాళ్లు ఎత్తడం వంటి బరువు పనుల్లో చేరేముందు సలహా తీసుకోవాలి.
• ఆడపిల్లలు గర్భం దాల్చకముందే గుండె పరీక్ష చేయించుకోవాలి.

7.6 సారాంశం

శస్త్రచికిత్స ప్రాణం నిలుపుతుంది. ఆ గుండె దీర్ఘకాలం బాగా పనిచేయాలంటే క్రమం తప్పని పరిశీలన కావాలి. బాధ లేకపోవడం, గుండె బాగుండటం రెండూ ఒకటి కావు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. పుపుస కవాటం లీకు కుడి జఠరికను ఎలా ప్రభావితం చేస్తుంది?
2. లక్షణాలు లేకున్నా పరీక్షలు ఎందుకు చేయించాలి?
3. మీ ఊరిలో గుండె ఆపరేషన్ జరిగిన బిడ్డ ఉన్న కుటుంబానికి మీరు ఏ సలహాలు ఇస్తారు?