మీ కంప్యూటర్ లెక్కలకు నకలు ఎక్కడ ఉన్నది?

డీలరు సోదరులారా, మీ అరువు ఖాతాలు నేడు ఇంటి కంప్యూటర్‌లో ఉంటున్నాయి. అది చెడిపోయిననాడు బాకీలు ఏ ఆధారంతో వసూలు చేయగలరు? క్యాష్ క్రెడిట్ ఖాతాకు స్టాక్ స్టేట్‌మెంట్ ఎట్లా సమర్పించగలరు?

నేను తనిఖీకి వెళ్ళిన ఒక ఎరువుల దుకాణదారు నకలు తీసే ఉంచారు. అయితే అదే కంప్యూటర్‌లోని 'డి' డ్రైవులో! 'సి', 'డి' అనేవి చాలా కంప్యూటర్లలో ఒకే హార్డ్ డిస్కులోని రెండు అరలు మాత్రమే. డిస్కు పాడవడంతో అసలు, నకలు రెండూ పోయాయి.

కావున అసలుతో కలిపి మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాలపై ఉండాలి. ఒకటి వేరొక చోట ఉండాలి.

పెన్ డ్రైవు చవకైనదే గాని, పోగొట్టుకొనడం సులభం; దానినొక్కదానినే నమ్మరాదు. విడి హార్డ్ డిస్కు మేలు. నకలు తీయగానే దానిని విప్పి భద్రపరచండి. తగిలించి ఉంచితే పిడుగుపాటు గాని, 2017 మే నెలలో అనేక దేశాలను వేధించిన వనక్రై వంటి వైరస్ గాని దానినీ పాడుచేయగలవు.

ఇంటర్నెట్‌లో దాచిన ప్రతి వరదకు, అగ్నిప్రమాదానికి చిక్కదు. కాని కొన్ని పద్ధతులలో ఇక్కడ చెరిపినది అక్కడా చెరిగిపోతుంది. పాత ప్రతులు నిలిచే సదుపాయాన్నే ఎంచుకొనండి.

జి.ఎస్.టి. నమోదు గలవారు వార్షిక రిటర్ను గడువు నుండి 72 నెలలు లెక్కలు భద్రపరచాలని చట్టం చెబుతున్నది. కనుక ప్రతి సాయంత్రం నకలు తీయండి. నెలకొకసారి దానిని మరొక కంప్యూటర్‌లో తెరిచి, ఒక రైతు ఖాతా నిల్వను సరిచూడండి.