మొండితనం అనుకున్నాం

ఐదేళ్ళ క్రితం మన సంఘం ఉగాది వేడుకలకు వచ్చిన వాళ్ళలో కొందరికి గుర్తుండే ఉంటుంది. హైస్కూల్ ఆడిటోరియంలో మైకు ఒక్కసారిగా కీచుమనగానే, పట్టు పంచె కట్టుకున్న ఆరేళ్ళ కుర్రాడొకడు రెండు చెవులూ మూసుకుని కుర్చీల కింద దూరాడు. ఎంత బతిమాలినా బయటికి రాలేదు. వాడు మా అబ్బాయి. వాణ్ణి కాలు పట్టుకుని బయటికి లాగిన పెద్దమనిషిని నేను. ఇంటికి వెళ్తూ కారులో నేనన్న మాటలు ఇక్కడ రాయలేను. "ఇంతమంది పిల్లలకు లేనిది నీకొక్కడికేమిట్రా?" అన్నది వాటిలో కాస్త మర్యాదైన మాట.

ఇప్పుడు వాడికి పదకొండేళ్ళు. పేరు రాయకూడదన్న షరతు మీద ఈ వ్యాసానికి ఒప్పుకున్నాడు.

నేను కన్సల్టెంటుని. ఆ రోజుల్లో సోమవారం తెల్లవారుజామున విమానం ఎక్కితే గురువారం రాత్రికి ఇల్లు చేరేవాణ్ణి. కాబట్టి వాడి బాధలు నాకు ఫోనులో కథల్లా వినిపించేవి. మేజోళ్ళ కుట్టు వేళ్ళకి తగులుతోందని ఏడుస్తుంటే స్కూల్ బస్సు వెళ్ళిపోయింది. మెడ వెనక లేబుల్ గుచ్చుకుంటోందని క్లాసులో చొక్కా విప్పేశాడు. పెరుగన్నం చేత్తో ముట్టుకోడు. ఎవరైనా ఆంటీ ముద్దుగా బుగ్గ గిల్లితే అరగంట రుద్దుకుంటూనే ఉంటాడు. "ఇందులో ఏదో ఉందండీ" అనేది మా ఆవిడ. "నీ గారాబమే" అనేవాణ్ణి నేను.

ఆ వేసవిలో హైదరాబాదులో దగ్గరి బంధువుల పెళ్ళి. మంగళసూత్రధారణ వేళ గట్టిమేళం మోగింది. మంటపం పక్కన నిలబడ్డ వాడు అందరినీ తోసుకుంటూ సరాసరి వీధిలోకి పరుగెత్తాడు. ఆటో ఒకటి వాడికి జానెడు దూరంలో ఆగింది. నేను వెళ్ళి ఎత్తుకునేసరికి వాడి గుండె నా చేతికి తెలుస్తోంది. మొండికేసిన పిల్లవాడి గుండె అలా కొట్టుకోదు. ఆ రోజుతో నా నోరు మూతపడింది.

తిరిగి వచ్చాక పిల్లల డాక్టరు ముందు వినికిడి పరీక్ష చేయించారు. చెవులు బాగానే ఉన్నాయి. తర్వాత ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ చెప్పింది నాబోటివాడికి కూడా అర్థమయ్యేలా ఉంది. చెవి, చర్మం, ముక్కు పంపే కబుర్లను మెదడు అందరిలోనూ ఒకేలా తీసుకోదు. మనకు మామూలుగా ఉన్న చప్పుడు కొందరు పిల్లలకు భరించలేనిదవుతుంది. ఇంకొందరికి ఉన్న స్పర్శ కూడా చాలదు, గిరగిరా తిరుగుతారు, గోడలకు గుద్దుకుంటారు, చొక్కా కాలరు నములుతారు. ఒకే పిల్లవాడిలో రెండూ ఉండవచ్చు. మనం చిన్నప్పుడు చదువుకున్న పంచేంద్రియాలతో లెక్క సరిపోదు. ఒళ్ళు ఎక్కడ ఎలా ఉందో కండరాలు, కీళ్ళు చెబుతాయి, తూకం సంగతి లోపలి చెవి చూసుకుంటుంది. ఈ ఆలోచనకు పునాది వేసింది కాలిఫోర్నియాకు చెందిన జీన్ ఎయర్స్. ఆవిడ తొలి పుస్తకం 1972లో వచ్చింది.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. దీన్ని విడిగా ఒక జబ్బుగా డాక్టర్లందరూ ఒప్పుకోరు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో ఈ పేరుతో రోగనిర్ధారణ చేయవద్దని, ఈ థెరపీలకు ఆధారాలు పరిమితమని చెప్పింది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో దీనికి ప్రత్యేక స్థానం లేదు, కానీ ఆటిజం లక్షణాల్లో ఇదీ ఒకటిగా చేరింది. అందుకే మొత్తం పరీక్ష చేయించుకోవడం ముఖ్యం. మావాడికి ఆటిజం లేదన్నారు. ఉండి ఉంటే మటుకు ఆ మేజోళ్ళ కుట్టు గుచ్చుకోకుండా పోతుందా?

నా వృత్తి బుద్ధి పోనిచ్చుకోక ఒక స్ప్రెడ్‌షీట్ మొదలుపెట్టాను. ఎప్పుడు, ఎక్కడ, ముందు ఏం జరిగింది. ఆరు వారాలకు ఒక సంగతి తేలింది. ఆదివారం ఉదయం కుక్కర్ కూతకు పెద్దగా పట్టించుకోని వాడు, కెఫెటీరియా రొద, బస్సు గోల అన్నీ భరించి వచ్చిన సాయంత్రం అదే కూతకు ఏడుస్తాడు. గ్లాసు నిండుగా ఉన్నప్పుడు ఒక్క చుక్క పడినా ఒలుకుతుంది కదా. అప్పటినుంచి బడి నుంచి రాగానే హోంవర్కు అడగడం మానేశాం. అరగంట వాడి గదిలో వాడిని వదిలేస్తాం.

అసలు మార్పులు మా అమ్మ వచ్చాక జరిగాయి. తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చింది. థెరపిస్టు పేరు కూడా ఆవిడకు నోరు తిరగదు. మొదటి వారమే "వీడికి మెల్లగా రాస్తే గిలి, గట్టిగా అదిమితే హాయి" అని కనిపెట్టింది. తలంటు పోసేటప్పుడు అరచేత్తో గట్టిగా అదిమి నూనె పెట్టేది, వాడు కిక్కురుమనకుండా కూర్చునేవాడు. చాలామంది పిల్లల్లో ఇలాగే ఉంటుందని థెరపిస్టు కూడా చెప్పింది. చపాతీ పిండి మొదట ప్లాస్టిక్ సంచీలో పోసి పైనుంచి పిసకమని ఇచ్చింది, నెల తిరిగేసరికి వట్టి చేత్తో పిసికాడు. బియ్యం బస్తా గరాజ్ నుంచి వంటింటికి ఈడ్చే పని వాడిదే. ఇలాంటి బరువు పనుల తర్వాత వాడు కాస్త నెమ్మదిగా ఉండేవాడు. మిక్సీ వేసే ముందు "నాన్నా, నువ్వే స్విచ్చి వెయ్యి" అనేది. తన చేతిలో ఉన్న చప్పుడుకు వాడు భయపడలేదు.

అన్నీ పనిచేయలేదు. ఖరీదు పెట్టి కొన్న బరువు జాకెట్టు వల్ల ఏ తేడా కనబడలేదు, అదిప్పుడు గరాజ్‌లో ఉంది. చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు మాత్రం బాగా పనికొచ్చాయి, అదీ రోజంతా కాదు, రొద ఉన్న చోటే. క్షౌరానికి ముందు మూడుసార్లు వట్టినే తీసుకెళ్ళాను. నాకు కత్తిరిస్తుంటే చూశాడు. ఆపి ఉన్న మెషీను చేతిలో పట్టుకుని చూశాడు. నాలుగోసారి కత్తెరతో కూర్చున్నాడు.

బడి సంగతి చాలామంది అడుగుతుంటారు. పబ్లిక్ స్కూలయితే పరీక్ష చేయమని రాతపూర్వకంగా అడగండి, ఫోనులో కాదు. ఆ పరీక్షకు మనం పైసా కట్టనక్కరలేదు. ప్రత్యేక విద్య అవసరం లేదన్నా, 1973 నాటి చట్టంలోని సెక్షన్ 504 కింద సర్దుబాట్లు అడగవచ్చు. మావాడికి ఫైర్ డ్రిల్ సంగతి ముందుగా చెప్పడం, భోజనానికి మూల బల్ల ఇవ్వడం, ఈ రెండూ రాయించాం. మొదటి టీచరు నవ్వింది. రెండో ఏడాది టీచరు ఇంకో ఇద్దరు పిల్లల్ని కూడా ఆ మూల బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

అమ్మానాన్నల చేత ఇది చదివించుకుంటున్న పిల్లలూ, మీ స్నేహితుడెవరైనా చెవులు మూసుకుంటే వేళ్ళు లాగకండి. కాసేపు పక్కన నిలబడండి చాలు.

కార్యవర్గానికి కూడా ఒక విన్నపం. స్పీకర్లకు దూరంగా, తలుపు పక్కన ఒక వరుస కుర్చీలు వదలండి. పక్కన ఖాళీ క్లాసురూం ఉంటే తాళం తీసి ఉంచండి.

ఈ ఏడు ఉగాదికి మేము చివరి వరుసలో కూర్చున్నాం. నూలు పంచె, హెడ్‌ఫోన్లు. చెల్లెలి కూచిపూడి అయ్యేదాకా కదల్లేదు. తర్వాత నా చేయి తట్టి, పార్కింగ్ లాట్‌లో పది నిమిషాలు తిరిగొస్తానని చెప్పి వెళ్ళాడు, పులిహోర వేళకు తనంతట తనే వచ్చాడు. ఉగాది పచ్చడి మాత్రం నాలిక మీద పెట్టి మొహం చిట్లించి నా ప్లేటులోకి తోసేశాడు. నేనూ అది ఎవరూ చూడకుండా నాప్కిన్‌లో చుట్టేశాను.