శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియం – పేరు, ప్రయోజనాలు

శ్రీకాకుళం నగరంలోని బహుళ ప్రయోజన క్రీడా ప్రాంగణానికి "కలియుగ భీముడు"గా ప్రసిద్ధి చెందిన కోడి రామ్మూర్తి నాయుడు పేరు పెట్టబడినది. ఆయన 1882లో వీరఘట్టంలో జన్మించారు. విజయనగరంలో వ్యాయామ శిక్షకునిగా పనిచేసి, తదుపరి సొంత సర్కస్ సంస్థతో బలప్రదర్శనలిచ్చారు. ఊపిరి బిగించి ఇనుప గొలుసులను తెంచేవారని, ఛాతీపై ఏనుగును నిలుపుకొనేవారని ఉత్తరాంధ్ర పెద్దలు నేటికీ చెబుతారు. 1942లో ఆయన మరణించారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినందున, ఆయన జన్మస్థలాన్ని పేర్కొనేటప్పుడు పాత్రికేయులు ఈ మార్పును గమనించవలసి ఉన్నది.

జిల్లా కేంద్రంలో స్టేడియం ఆటలకే పరిమితం కాదు. ఉదయపు నడక, వేసవి శిక్షణ శిబిరాలు, పాఠశాల జట్ల ఎంపికలు అన్నింటికీ అదే ఆధారం. సైనిక, పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యే యువత సంగతి మరీ ముఖ్యం. ఆ ఎంపికలలో 1,600 మీటర్ల పరుగు ఉంటుంది. ప్రమాణబద్ధమైన 400 మీటర్ల ట్రాక్‌పై అది సరిగ్గా నాలుగు చుట్లు. రోడ్డుపై సాధన చేసే అభ్యర్థికి దూరమూ, కాలమూ రెండూ అంచనాలే.

ఒకే మైదానంలో అన్ని క్రీడలూ ఇమడవు. ట్రాక్ లోపలి వెడల్పు సుమారు 73 మీటర్లు. ఫుట్‌బాల్‌కు అది సరిపోతుంది. క్రికెట్‌కు మాత్రం పిచ్ నుంచి బౌండరీ కనీసం 59 మీటర్లు ఉండవలసినందున, గీత ట్రాక్‌ను దాటిపోతుంది. విజయనగరంలో క్రికెట్‌కు డాక్టర్ పి.వి.జి. రాజు క్రీడా ప్రాంగణం ఉండడం ఈ దృష్ట్యా మేలైన ఏర్పాటు.

పునర్నిర్మాణం నిమిత్తం శ్రీకాకుళం స్టేడియంలోని పాత కట్టడాలను గత దశాబ్దంలో తొలగించగా, కొత్త పనులు ఏళ్ల తరబడి ముందుకు సాగలేదు. ఆ కాలంలో క్రీడాకారులు కళాశాల మైదానాలను ఆశ్రయించవలసి వచ్చినది.

ఈ ప్రాంతానికి అంతర్జాతీయ పతకాలు తెచ్చిన క్రీడ వెయిట్‌లిఫ్టింగ్. ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించారు. విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో రజతం పొందారు. బరువులెత్తడానికి ఒక చిన్న గది, కొన్ని పరికరాలు, పట్టుదల గల గురువు ఉంటే సాధన సాగుతుంది. పరుగుకు, జావెలిన్‌కు, లాంగ్‌జంప్‌కు అది చాలదు. కావున ఇటువంటి ప్రాంగణాలను పునర్నిర్మించేటప్పుడు గ్యాలరీల కంటే ముందుగా ట్రాక్‌ను సిద్ధం చేసి, మిగిలిన పనులు జరుగుతుండగానే సాధనకు అనుమతించడం సముచితం.