హోటల్ గదుల్లో దారాల సంత

అమెరికాలో టెనెసీ రాష్ట్ర రాజధాని నాష్‌విల్‌కు దక్షిణంగా ముప్ఫై కిలోమీటర్లు దాటితే ఫ్రాంక్లిన్ అనే పాత ఊరు వస్తుంది. 1864 నవంబరు 30న అంతర్యుద్ధంలో భీకరమైన పోరు ఇక్కడే జరిగింది. ఆనాటి తూటాలు చేసిన చిల్లులు కార్టర్ హౌస్ ఆవరణలోని కట్టడాల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. చరిత్ర మీద ఇష్టంతో వచ్చేవాళ్లు నేరుగా అక్కడికి పోతారు. మార్చి మొదట్లో దిగే మరో గుంపు మాత్రం ఊరికి ఉత్తరాన మాల్స్, కంపెనీ ఆఫీసులతో కొత్తగా పెరిగిన కూల్ స్ప్రింగ్స్ వైపు మళ్లుతుంది. ఎక్కువమంది ఆడవాళ్లే. చేతుల్లో ఖాళీ సంచులు, వెనకాల చక్రాల పెట్టెలు. దేశం నలుమూలలా ఎంబ్రాయిడరీ సరుకుల దుకాణాలు నడుపుకునేవాళ్లు వీళ్లు. ఏడాది పొడుగునా అమ్ముకోవలసిన కొత్త డిజైన్లను ఏరుకోవడానికి వస్తారు. ఆ సంత పేరు నాష్‌విల్ నీడిల్‌వర్క్ మార్కెట్.

సంత అన్నానే గానీ, ఇందులో పెద్ద హాలూ ఉండదు, వరుస స్టాళ్లూ ఉండవు. చాలా ఏళ్లుగా ఇది జరుగుతున్నది ఒక సూట్ల హోటల్లో. ముందు కూర్చునే గది, లోపల పడకగది ఉన్న సూట్‌ను ఒక్కో డిజైనర్ అద్దెకు తీసుకుంటారు. సోఫాను గోడకు జరిపి, మంచం మీద దుప్పటి బిగించి పరచి, దాని మీద కొత్త చార్టులను దొంతరలుగా పేరుస్తారు. కుట్టి ఫ్రేము కట్టిన నమూనాలు గోడల వెంట నిలబడతాయి. గదిలోని పసుపు వెలుతురులో దారం రంగు ఉన్నదున్నట్టు కనపడదు కనుక తెల్లని దీపాలు ఇంటి నుంచి తెచ్చుకునేవాళ్లూ ఉంటారు. తలుపు తీసి ఉందంటే దుకాణం తెరిచినట్టే. కొనేవాళ్లు అంతస్తు తరువాత అంతస్తు, గది తరువాత గది తిరుగుతూ పోతారు.

మామూలు వ్యాపార ప్రదర్శనల్లో సరుకు చూపించి ఆర్డరు రాసుకుంటారు. సరుకు వారాల తరువాత అందుతుంది. ఇక్కడ నచ్చినదానికి అప్పుడే డబ్బు కట్టి, అప్పుడే సంచిలో వేసుకుని పోవచ్చు. చిన్న వ్యాపారాలకు ఈ పద్ధతి ఎంత మేలో ఒక పూట ఆ నడవాల్లో నిలబడి చూస్తే తెలుస్తుంది. డిజైనర్ అచ్చు ఖర్చు ఆ వారాంతంలోనే చేతికి రావడం మొదలవుతుంది. దుకాణదారు తన ఊరు చేరిన మర్నాడే కొత్త సరుకును అద్దాల వెనక పెట్టుకోగలుగుతుంది.

ఇంతకీ అమ్మేది ఏమిటి? నాలుగు మడతల కాగితం. పైన కుట్టు పూర్తయిన బొమ్మ ఫొటో, లోపల గళ్ల పటం. ప్రతి గడిలోనూ ఒక గుర్తు ఉంటుంది: చుక్క, త్రిభుజం, నిండు చదరం, ఇంటూ మార్కు. ఒక్కో గుర్తు ఒక్కో రంగు; ఒక్కో గడి గుడ్డ మీద ఇంటూ ఆకారంలో ఒక్కో కుట్టు. పది గళ్లకోసారి గీత లావుగా ఉంటుంది, లెక్క తప్పకుండా. అంచుల్లో బాణం గుర్తులు పటం నడిమధ్య ఎక్కడో చూపుతాయి, ఎందుకంటే కుట్టు చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. సంక్రాంతి రోజుల్లో వారపత్రికలు వేసే చుక్కల ముగ్గు లాంటిదే ఇదీ. చుక్కల లెక్క సరిపోయిందా, ఏ చెయ్యి వేసినా అదే ముగ్గు వస్తుంది.

లెక్క ఒకటే అయినా కొలత మాత్రం గుడ్డను బట్టి మారుతుంది. అడ్డంగా 140, నిలువుగా 140 గళ్లున్న పటాన్ని తీసుకుందాం. అంగుళానికి 14 గళ్లు పడే ఐడా గుడ్డ మీద అది పది అంగుళాల చదరం. అంగుళానికి 40 పోగులుండే సన్నని నార గుడ్డ మీద రెండేసి పోగులకు ఒక కుట్టు చొప్పున వేస్తే ఏడంగుళాలకు కుదించుకుపోతుంది. ఆ ఏడంగుళాల బొమ్మను దగ్గరగా చూస్తే ఒక్కో ఇంటూ నువ్వుగింజలో సగం కూడా ఉండదు. దూరం నుంచి పూలతోటగా ఉన్నది దగ్గరికి వచ్చేసరికి వేల చిన్న చిన్న లెక్కలుగా విడిపోతుంది. ప్రతి గదిలోనూ కొనేవాళ్లు ఫ్రేముకు జానెడు దూరంలో ముఖం పెట్టి నిలబడేది అందుకే.

గళ్ల పటాలకు అయిదు వందల ఏళ్ల చరిత్ర ఉంది. జర్మనీలోని ఔగ్స్‌బర్గ్‌లో 1520ల నాటికే కుట్టు నమూనాల పుస్తకాలు అచ్చయ్యాయి. పుస్తకం దొరకని ఇళ్లలో గుడ్డే పుస్తకం. తెలిసిన కుట్లు, పువ్వులు, అక్షరాలు ఒక ముక్క మీద కుట్టి దాచుకునేవారు. వాటినే శాంప్లర్లు అంటారు. బ్రిటన్‌లో తేదీ ఉన్న శాంప్లర్లలో అన్నిటికన్నా పాతది 1598 నాటిది, జేన్ బోస్టాక్ కుట్టింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. సుమారు 43 సెంటీమీటర్ల పొడవు, 36 సెంటీమీటర్ల వెడల్పు. 1596 నవంబరు 23న, మంగళవారం మధ్యాహ్నం పూట ఆలిస్ లీ అనే పాప పుట్టిందని దాని మీద కుట్టి ఉంది. వారం, పూటతో సహా ఒక పసిబిడ్డ పుట్టుకను నాలుగు శతాబ్దాలకు పైగా దారం మోసుకొచ్చింది. అమెరికా వలసల్లో మిగిలిన అతి పాత శాంప్లర్ సుమారు 1653 నాటిది, లోరా స్టాండిష్ కుట్టింది, ప్లిమత్‌లో ఉంది. 19వ శతాబ్దం మొదట్లో బెర్లిన్ వ్యాపారులు గడి గడికీ చేత్తో రంగులద్దిన పటాలు అమ్మడంతో, ఏ రంగు ఎక్కడ వేయాలన్నది ఇక కుట్టేవాళ్ల ఊహకు వదలనక్కర లేకపోయింది.

ఆ పాత గుడ్డలు నేటి సంతలోనూ అమ్ముడుపోతున్నాయి, పటాల రూపంలో. పాత శాంప్లర్‌ను భూతద్దం కింద పెట్టి, కుట్టు కుట్టూ లెక్కపెట్టి చార్టుగా దించే డిజైనర్లున్నారు. ముందువైపు రంగులు వెలుతురుకు వెలిసిపోయి ఉంటాయి. ఫ్రేము విప్పి వెనక్కి తిప్పితే, రెండు వందల ఏళ్ల నాటి ఆకుపచ్చ, గులాబీ అప్పుడే దారం తెంపినంత తాజాగా బయటపడతాయి. రంగులను అక్కడి నుంచి సరిపోల్చుకుంటారు. చిన్న పిల్ల తప్పుగా తిప్పి కుట్టిన అక్షరాన్ని కూడా చాలామంది దిద్దకుండా ఉంచేస్తారు. అది నాకు ఎంతో నచ్చింది. టెనెసీలో 1900కు ముందు అమ్మాయిలు కుట్టిన శాంప్లర్లను వెతికి నమోదు చేయడానికి టెనెసీ శాంప్లర్ సర్వే అనే ప్రయత్నం ప్రత్యేకంగా సాగింది.

డిజైనర్ వైపు నుంచి చూస్తే ఈ సంత మూడు రోజుల పరీక్ష. కాగితం చూసి ఎవరూ కొనరు, కుట్టిన నమూనా చూసి కొంటారు. ఇందాకటి 140 గళ్ల చదరం నిండా కుట్టాలంటే 19,600 ఇంటూలు. గంటకు వంద అనుకున్నా 196 గంటలు. ఏడాదికి పది డిజైన్లు తెచ్చే మనిషి అన్నీ తనే కుట్టలేరు. నమూనాలు కుట్టిపెట్టే నేర్పరులు వేరే ఉంటారు. వాళ్ల పేర్లు చార్టు మీద వేసేవాళ్లున్నారు, వేయనివాళ్లూ ఉన్నారు. వేసి తీరాలని నేనంటాను. కొనేవాళ్ల కళ్లు ఆగేది ఆ చేతిపని దగ్గరే.

దుకాణాల వాళ్ల ప్రశ్నలు చాలా సూటిగా ఉంటాయి. గుడ్డ ఏది, ఎంత పడుతుంది, దారాలు ఎవరివి, ఇక్కడ దొరుకుతాయా? చార్టు ఎంత బాగున్నా అందులోని ఒక్క రంగు నిండుకుంటే కుట్టేవాళ్లు ఆగిపోతారు, దుకాణం మాట పడుతుంది. అందుకే అనుభవమున్న డిజైనర్లు నెలల ముందే రంగులద్దేవాళ్లతో, గుడ్డ అమ్మేవాళ్లతో మాట్లాడుకుని, ఆ సరుకు కూడా అదే హోటల్లో ఏదో ఒక గదిలో ఉండేట్టు చూసుకుంటారు. టోకు ధర సాధారణంగా చిల్లర ధరలో సగం. ఆ సగంలోంచే అచ్చు, గది అద్దె, ప్రయాణం, నమూనా కుట్టినవారి కూలి తేలాలి. ఏడాదంతా ప్రాణం పెట్టి గీసిన పెద్ద బొమ్మ ముందు అందరూ ఆగి మెచ్చుకుని, పక్కనున్న అరచేతంత చార్టును అరడజను కాపీలు కొనుక్కుని పోవడం ఈ గదుల్లో మామూలే. పెద్ద బొమ్మ గదిలోకి పిలుస్తుంది, చిన్నది ఖర్చు గట్టెక్కిస్తుంది.

దారాల గదులు మరో లోకం. ఫ్రాన్స్‌లోని ముల్‌హౌస్‌లో 1746లో పుట్టిన డీఎంసీ కంపెనీ దారం ఇప్పుడు 500 రంగుల్లో వస్తోంది. లచ్చికి 8 మీటర్లు, ఆరు పోగులు. ఈ రంగంలో వాళ్లకు రంగుల పేర్లతో పనిలేదు, అంకెలతోనే మాట్లాడుకుంటారు. 310 అంటే నలుపు, 321 అంటే ఎరుపు. ఆ పక్కనే చేత్తో రంగులద్దిన దారాలు. ఒకే లచ్చిలో ఇటుక ఎరుపు మెల్లగా తుప్పు రంగులోకి, అక్కడి నుంచి ఎండుటాకు రంగులోకి జారుతుంది. ఒక విడత రంగు మరో విడతకు అచ్చంగా రాదు కాబట్టి కావలసినంతా ఒకేసారి కొనుక్కోవాలి. ఈ దారంతో కుట్టేటప్పుడు వరుసంతా సగం సగం వేసుకుంటూ పోయి వెనక్కి రాకూడదు, ఒక్కో ఇంటూను అక్కడికక్కడే ముగించాలి. అప్పుడే రంగు గుడ్డ మీద లచ్చిలో ఉన్న వరుసలోనే నడుస్తుంది.

మన ఇళ్లకూ ఈ కుట్టు కొత్తది కాదు. కాడకుట్టు, గొలుసుకుట్టుతో పాటు మ్యాటీ క్లాత్ మీద ఇంటూ కుట్టుతో నెమలినో చిలకల జంటనో కుట్టి, అద్దం బిగించి ముందు గదిలో వేలాడదీసిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. డిజైన్ ఎవరిదో అడిగినవాళ్లు తక్కువ. ఒకరి దగ్గరున్న పటం వాడంతా తిరిగేది. చార్టు గీసినవారికి హక్కులుంటాయన్న సంగతి ఈ హోటల్ నడవాల్లో నడిస్తే బాగా తలకెక్కుతుంది. జిరాక్సు తీసిన ప్రతి కాపీ, మంచం మీది ఆ దొంతరలో అమ్ముడుపోకుండా మిగిలే కాగితం.

మార్కెట్లోకి దుకాణాలవారికే ప్రవేశం. వ్యాపార రిజిస్ట్రేషన్ కాగితాలు చూపాలి. మామూలు సందర్శకులకు అనుమతి లేదు గానీ, అక్కడ విడుదలైన చార్టులు కొద్ది రోజుల్లోనే దుకాణాలకు చేరతాయి. చాలామంది డిజైనర్లు పీడీఎఫ్ రూపంలోనూ అమ్ముతారు కాబట్టి మన ఇంటి నుంచే కొనుక్కోవచ్చు. ఆ వైపు వెళ్లేవాళ్లు నాష్‌విల్ విమానాశ్రయంలో దిగి కారులో అరగంటకు పైగా ప్రయాణం చేస్తే కూల్ స్ప్రింగ్స్ చేరతారు. నాష్‌విల్‌లోని టెనెసీ స్టేట్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. వాళ్ల సేకరణలో పాత శాంప్లర్లున్నాయి. ప్రదర్శనలో ఏవి పెట్టారో ముందు కనుక్కుని వెళ్లడం మంచిది. ఇంట్లోనే మొదలుపెట్టాలనుకుంటే సికింద్రాబాద్ జనరల్ బజార్ లాంటి చోట్ల మ్యాటీ క్లాత్, మొన మొద్దుగా ఉండే సూదులు, యాంకర్ కంపెనీ దారాలు దొరుకుతాయి. విదేశీ చార్టుల్లో డీఎంసీ నంబర్లే ఎక్కువ. అందుకని రెండు కంపెనీల నంబర్లను జత చేసి చూపే పట్టిక ఒకటి దగ్గర ఉంచుకోండి. చార్టులో 310 అని ఉంటే దుకాణంలో యాంకర్ 403 అడగాలి.